గడప దాటిన పెద్దాయన క్షేమంగా తిరిగి రావాలంటే: కాలనీని పెద్దవాళ్లకు అనువుగా మార్చుకునే పద్ధతి

మా కాలనీ అసోసియేషన్ తరఫున పెద్దవాళ్ల కోసం మేం చేసిన మొదటి పని ఒక హాలు కట్టించడం. క్యారమ్ బోర్డు, నాలుగు రకాల పేపర్లు, టీవీ, గోడ ఫ్యాన్లు అన్నీ పెట్టాం. ప్రారంభం రోజు శాలువాలు కప్పి ఫొటోలు దిగాం. ఆ తర్వాత రోజుకు ముగ్గురో నలుగురో వచ్చేవాళ్లు, కొన్నాళ్లకు వాళ్లూ మానేశారు. ఎందుకు రావట్లేదని మా అత్తయ్యను అడిగితే, "అన్ని మెట్లు ఎవరెక్కుతారు?" అంది. హాలు మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ప్లాను గీయించడానికి అంతమందిమి కూర్చున్నాం, ఒక్కరికీ తట్టలేదు.

అప్పుడు అర్థమైంది. పెద్దవాళ్లకు ముందు కావలసింది కొత్త కట్టడం కాదు, దారి. ఇంట్లోంచి బయలుదేరి, పని చూసుకుని, తిరిగి ఇంట్లో కాలు పెట్టేదాకా ఉన్న దారి. అందులో ఒక్క చోట తెగినా వాళ్లు ప్రయాణం మొత్తమే మానుకుంటారు. లిఫ్టు బాగా పనిచేస్తున్నా గేటు బయట మ్యాన్‌హోల్‌కు మూత లేకపోతే ఆ లిఫ్టు ఉండీ లేనట్టే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో పెద్దవాళ్లకు అనువైన నగరాల గురించి ఒక మార్గదర్శి తెచ్చింది. 33 నగరాల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగి తయారుచేశారు. మన దేశం నుంచి ఢిల్లీ, ఉదయ్‌పూర్ అందులో ఉన్నాయి. బయటి స్థలాలు, రవాణా, ఇల్లు, నలుగురితో కలవడం, గౌరవం, పౌర జీవితం, సమాచారం, ఆరోగ్య సేవలు అంటూ ఎనిమిది అంశాలు పెట్టారు. మంచి జాబితానే. కానీ ఒక కాలనీ సంఘం ఎనిమిదీ ఒకేసారి నెత్తికెత్తుకుంటే ఒక్కటీ తెమలదు. అర కిలోమీటరు దారి ఒకటి ఎంచుకుని అదొక్కటే బాగుచేయండి. ఎలాగో వరసగా చెబుతాను.

1. ముందు అడగండి, సరిగ్గా అడగండి

ఇంటింటికీ వెళ్లి అరవై దాటినవాళ్లు ఎవరెవరున్నారో రాసుకోండి. "మీకేం కావాలి?" అని మాత్రం అడగొద్దు. "నాకేం కావాలి బాబూ, దేవుడి దయవల్ల బానే ఉంది" అంటారు, మీ సర్వే అక్కడితో అయిపోతుంది. ఇలా అడగండి: ఇదివరకు వెళ్లే చోట్లలో ఇప్పుడు ఎక్కడికి వెళ్లడం మానేశారు? ఎప్పటినుంచి? ఎందుకని?

ఈ "మానేశారు" అన్న మాటకు జవాబులు వరదలా వస్తాయి. శనివారం గుడికి మానేశాను, రోడ్డు దాటలేక. కూరగాయల బజారుకు మానేశాను, మధ్యలో కూర్చోవడానికి ఏమీ లేక. పొద్దున నడక మానేశాను, కుక్కల భయానికి. పెళ్లిళ్లకు మానేశాను, బాత్రూమ్ ఎక్కడుంటుందో ఏమిటోనని.

ఆడవాళ్లను విడిగా అడగండి, అదీ కొడుకూ కోడలూ పక్కన లేనప్పుడు. మనవల్ని చూసుకోవడానికి పల్లె నుంచి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు కాలనీలో చాలామంది ఉంటారు. ఓటరు లిస్టులో కనబడరు, అసోసియేషన్ మీటింగులకు రారు. అలాగే వాచ్‌మన్ వాళ్ల అమ్మ, ఇస్త్రీ బండి పెద్దాయన, మూలన ఆకుకూరలమ్మే అవ్వ. ఫ్లాటు ఉన్నవాళ్లనే పెద్దవాళ్లుగా లెక్కేస్తే సగం మంది తప్పిపోతారు. రోజంతా ఫుట్‌పాత్ మీద ఉండేది అవ్వే కాబట్టి, అక్కడి సంగతులు ఆవిడకు తెలిసినంతగా మనకెవరికీ తెలియవు.

2. వాళ్లతో కలిసి నడవండి

అందరూ ఎక్కువగా చెప్పిన నాలుగు చోట్లు తీసుకోండి. మామూలుగా మందుల షాపు, గుడో మసీదో చర్చో, కిరాణా కొట్టు, బస్టాపు ఉంటాయి. ఇవన్నీ కలిసేలా ఒక దారి గీయండి. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను ముందు నడవమని, మీరు వెనక నడవండి. వేగం వాళ్లదే. చేతికర్ర ఉన్నవాళ్లు ఒకరు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒకరు, వీలైతే వీల్‌చైర్ ఒకటి ఉండాలి. చేతిలో టేపు, నోటు పుస్తకం, ఫోను.

ఒక్కసారి నడిస్తే చాలదు. పొద్దున పదింటికి ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, వాన పడిన మర్నాడు ఒకసారి. చీకట్లో నడిచినప్పుడే ఏ దీపం వెలగట్లేదో, ఏ చెట్టుకొమ్మ దీపానికి అడ్డంగా పెరిగిందో తెలుస్తుంది. వానయ్యాక నడిస్తే అపార్ట్‌మెంట్ల ముందు వేసిన నున్నటి గ్రానైట్ సంగతి తెలుస్తుంది. మా అత్తయ్య జారిపడింది అలాంటి గ్రానైట్ మీదే, అదీ సొంత అపార్ట్‌మెంట్ గుమ్మంలోనే.

నడిచేటప్పుడు వాళ్లు ఆగిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. ఎందుకు ఆగారని వెంటనే అడగొద్దు, ఊపిరి తీసుకోనివ్వండి. ఆగినచోటు గోడకు ఆనుకున్నారా, పార్క్ చేసిన కారు పట్టుకున్నారా చూడండి. బెంచీ పెట్టాల్సిన చోటు అదే.

3. ఫుట్‌పాత్, దాని ఎత్తు, దాని మీది కారు ర్యాంపులు

అసలు కష్టం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన దేశంలో రోడ్ల ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం 2012లో సవరించిన పుస్తకంలో రెండు కొలతలు గుర్తుపెట్టుకుంటే చాలు. నడవడానికి ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు. ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మన ఊళ్లలో టేపు పెట్టి చూస్తే చాలాచోట్ల ఎత్తు అడుగు దాకా వస్తుంది. బైకులు ఎక్కకుండా ఎత్తు పెంచామంటారు. బైకులు ఎలాగూ ఎక్కుతున్నాయి, ఎక్కలేకపోతున్నది ముసలివాళ్లే.

ఇక ర్యాంపులు. ప్రతి ఇంటివాళ్లూ తమ కారు కోసం గేటు నుంచి రోడ్డు మీదికి ఎవరి ఎత్తులో వాళ్లు సిమెంటు వాలు పోసుకున్నారు. ఒక వీధిలో ఇరవై ఇళ్లుంటే ఇరవై గుట్టలు ఎక్కి దిగాలి. అందుకే పెద్దవాళ్లు ఫుట్‌పాత్ వదిలి వాహనాల మధ్య నడుస్తారు. "వీళ్లు రోడ్డు మధ్యలో నడుస్తారేంటి" అని హారన్ కొట్టేవాళ్లలో ఆ ర్యాంపులు పోయించినవాళ్లూ ఉంటారు.

ఈ ర్యాంపుల సంగతి మున్సిపాలిటీ కంటే ముందు మనమే తేల్చుకోవాలి. అసోసియేషన్ మీటింగులో అందరి ముందూ ఒకరి పేరెత్తితే గొడవే. నడకలో తీసిన ఫొటోలు పేర్లు లేకుండా చూపించండి. తర్వాత ముందుగా అధ్యక్షుడి ఇంటి ర్యాంపు, కార్యదర్శి ఇంటి ర్యాంపు వెనక్కి జరిపించండి. మా దగ్గర పని కదిలింది అలాగే.

నడకదారి ర్యాంపు కొత్తగా పోయించేటప్పుడు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంటే 15 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కడానికి 1.8 మీటర్ల పొడవు. మేస్త్రీకి ఈ లెక్క ముందే చెప్పకపోతే స్థలం కలిసొస్తుందని అరమీటరులో ముగించేస్తాడు. దాని మీద వీల్‌చైర్ వెనక్కి జారుతుంది. రెండు పక్కలా పట్టుకోవడానికి రెయిలింగ్, పైన గరుకు పూత తప్పనిసరి. టైల్స్ వద్దు.

ఫుట్‌పాత్ మీద అమ్ముకునేవాళ్లందరినీ ఖాళీ చేయించాలని కొందరు పట్టుబడతారు. తొందరపడొద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఎక్కడ అమ్ముకోవచ్చో తేల్చడానికి పట్టణ వెండింగ్ కమిటీ ఉంటుంది. కమిటీ దాకా వెళ్లకముందే, బండిని రెండడుగులు జరిపితే దారి వస్తుందేమో మాట్లాడి చూడండి. బండి ఉన్నచోట వెలుతురు, మనుషుల అలికిడి ఉంటాయి. పడిపోతే పట్టుకునేదీ వాళ్లే.

4. కూర్చునే చోటు, బాత్రూమ్

మన పాత ఇళ్లకు వీధి అరుగులుండేవి. దారిన పోయే ఎవరైనా రెండు నిమిషాలు కూలబడి, మంచినీళ్లు అడిగి పోయేవాళ్లు. ఇప్పుడు ఆ జాగాలో కాంపౌండు గోడలు, వాటి మీద గాజుపెంకులు. అరుగు పోయాక దాని పనిని బెంచీ చేయాలి.

దాతలు వేయించే గ్రానైట్ బెంచీలు చూసే ఉంటారు. మీద పెద్ద అక్షరాలతో "ఫలానావారి జ్ఞాపకార్థం" అని ఉంటుంది, వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. ఏప్రిల్‌లో దాని మీద కూర్చుంటే కాలుతుంది. దాత ముందుకొస్తే వద్దనకండి, కొలతలు మాత్రం మీరివ్వండి: నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు, వీపుకు ఆనుకునే పట్టీ, రెండు పక్కలా చేతులు. లేచేటప్పుడు చేతులు ఆనించి లేస్తారు కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ చేతులే ప్రాణం. నా లెక్కలో నూటయాభై మీటర్లకొకటి ఉండాలి. వేప నీడో కానుగ నీడో ఉంటే ఎండాకాలం కూడా పనికొస్తుంది. ముఖం వీధివైపు పెట్టండి. మేం మొదటిది గోడవైపు పెట్టాం, ఒక మాస్టారు చూసి "గోడతో ఏం మాట్లాడమంటారండీ?" అన్నారు.

బాత్రూమ్ గురించి ఎవరూ నోరు విప్పి చెప్పరు. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దాయన, మూత్రం ఆపుకోలేని పెద్దావిడ బయటికి వెళ్లాలంటే పొద్దుట్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. మండే ఎండల్లో అది ప్రమాదం. కొత్త పబ్లిక్ టాయిలెట్ రావడానికి ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా మీ దారిలో ఉన్న బ్యాంకు, డయాగ్నొస్టిక్ సెంటర్, గుడి, పెట్రోల్ బంకు, హోటలు వాళ్లతో మాట్లాడండి. పెద్దవాళ్లు అడిగితే కాదనకుండా వాడుకోనిస్తామన్నవాళ్ల గుమ్మం పక్కన చిన్న స్టిక్కర్ అంటించండి. మెట్లు లేనిదీ, కమోడ్ ఉన్నదీ ఏదో గుర్తు పెట్టండి. ఈ పనికి పెద్దగా ఖర్చుండదు, నాలుగు సాయంత్రాలు తిరిగితే చాలు.

5. రోడ్డు దాటడం, బస్సెక్కడం

సిగ్నల్ దగ్గర స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న లెక్కతో దాటే సమయాన్ని కట్టడం మామూలు. 15 మీటర్ల రోడ్డుకు పన్నెండు పదమూడు సెకన్లు. చేతికర్రతో సెకనుకు 0.8 మీటర్లు నడిచే మనిషికి అదే రోడ్డుకు 19 సెకన్లు కావాలి. సింగపూర్‌లో 2009 నుంచి పెద్దవాళ్లు తమ కార్డును సిగ్నల్ స్తంభానికి తాకిస్తే, రోడ్డు వెడల్పును బట్టి 3 నుంచి 13 సెకన్లు అదనంగా ఇస్తున్నారు. మనం కార్డుల దాకా వెళ్లనక్కర్లేదు. మీరు కొలిచిన సెకన్లు రాసి, ఆ కూడలిలో సమయం పెంచమని ట్రాఫిక్ పోలీసులకు అర్జీ ఇవ్వండి. వెడల్పాటి రోడ్డయితే మధ్యలో నిలబడడానికి డివైడర్ దగ్గర జాగా అడగండి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మాత్రం అడగొద్దు. మెట్లెక్కలేకే కదా మన హాలు ఖాళీగా ఉన్నది.

బస్సు సంగతి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఏపీఎస్ఆర్టీసీలో అరవై దాటినవాళ్లకు టికెట్‌లో 25 శాతం రాయితీ ఉంది. టికెట్ సరే, మెట్టు? లోఫ్లోర్ బస్సు నేల 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, మామూలు బస్సుది 90 దాకా ఉంటుంది. అది చాలదన్నట్టు బస్సు స్టాపు దగ్గర కాకుండా రోడ్డు మధ్యలో ఆగుతుంది కాబట్టి, ఫుట్‌పాత్ దిగి, ఆటోల మధ్య నుంచి వెళ్లి, మళ్లీ ఎక్కాలి. స్టాపులో ఆటోలు నిలవకుండా చూడమని ట్రాఫిక్ వాళ్లనూ, బస్సును అంచుకు చేర్చి ఆపించమని డిపో మేనేజర్‌నూ అడగండి. రెండూ ఒకే వారంలో అడగాలి. లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పి తప్పించుకుంటారు.

యాప్‌లో ఆటో బుక్ చేసి ఓటీపీ చెప్పడం అందరికీ చేతకాదు. కాలనీ మూలన నిలబడే ఆటోవాళ్లలో ఓపికస్తులు నలుగురి నంబర్లు పెద్ద అక్షరాలతో అచ్చువేయించి ఇంటింటికీ ఇవ్వండి. ఆసుపత్రికి ఎంత, గుడికి ఎంత అన్నది వాళ్లతో కూర్చుని ముందే ఖాయం చేసుకుంటే బేరం టెన్షన్ ఉండదు.

6. కుక్కలు

పొద్దున నడక మానేసినవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం ఇదే. కుక్కలకు అన్నం పెట్టేవాళ్లూ, వాటిని తరిమేయాలనేవాళ్లూ కొట్టుకుంటారు, పెద్దవాళ్లు మధ్యలో నలుగుతారు. 2023 జంతు జనన నియంత్రణ నియమాల్లో కుక్కలకు అన్నం పెట్టే చోట్ల ప్రస్తావన ఉంది. పిల్లలూ పెద్దవాళ్లూ ఎక్కువగా తిరగని చోట, గేట్లకూ మెట్లకూ దూరంగా ఆ చోట్లు ఉండాలి. ఈ నియమం కాగితం మీద చూపించి, అన్నం పెట్టేవాళ్లతోనే కూర్చుని చోటు, వేళ మాట్లాడుకోండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని కుక్కలెన్నో మీకంటే బాగా చెప్పగలిగేది వాళ్లే. ఆ లెక్కతోనే మున్సిపాలిటీకి రాయండి.

7. ఇంటి లోపల

బయట దారి ఎంత బాగున్నా బాత్రూమ్‌లో జారితే అంతా వృథా. నాలుగు పనులు చెబుతాను, ప్లంబరు ఒకరోజులో చేస్తాడు. కమోడ్ పక్కనా, స్నానం చేసే చోటా గోడకు పట్టుకునే కడ్డీ. టవల్ రాడ్ కాదు, మనిషి బరువు మోసేది, గోడలోకి బాగా దిగేలా బిగించాలి. గరుకు నేల. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం. ఆఖరిది చాలామంది మరిచేది: తలుపు గడియ బయటినుంచి కూడా తీయగలిగేలా ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. మనిషి తలుపుకు అడ్డంగా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు తీయలేం.

అపార్ట్‌మెంట్ కమిటీ చేయాల్సింది: జనరేటర్ లైన్‌లో లిఫ్టు ఉందో లేదో చూడటం, లిఫ్టులో ఒక చిన్న స్టూలు పెట్టడం, మెట్ల అంచులకు పసుపు రంగు గీత వేయించడం.

8. అర్జీ ఎలా రాయాలి

"వృద్ధులకు సౌకర్యాలు కల్పించగలరు" అని రాస్తే ఆ కాగితం ఎక్కడికీ పోదు. ఒక్కో సమస్యకు ఒక్కో కాగితం రాయండి. ఫొటో, ఏ ఇంటి ముందు, ఎంత కొలత, ఏం చేయాలి. "ఫలానా మందుల షాపు ఎదుట మ్యాన్‌హోల్ మూత రోడ్డు కంటే 9 సెంటీమీటర్లు కిందికి ఉంది, సమం చేయాలి" అని ఉంటే మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) ఎస్టిమేట్ వేయగలడు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ముందు వార్డు సచివాలయంలో రోడ్లు, డ్రైన్ల వంటి సౌకర్యాలు చూసే అమెనిటీస్ సెక్రటరీ దగ్గరికి వెళ్లండి. అర్జీకి రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016ను అర్జీలో ప్రస్తావించండి. బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలని ఆ చట్టం చెబుతోంది. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ అర్జీ ఏమైందని అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మున్సిపల్ బడ్జెట్ లెక్కలు చలికాలంలో మొదలవుతాయి కాబట్టి పెద్ద పనుల జాబితా దసరా, దీపావళి నాటికే చేతిలో ఉండాలి.

ఈ అర్జీల పని కుర్రాళ్లకు అప్పజెప్పకండి. కాలనీలో రిటైరైన ఇంజినీరు, తహసీల్దారు ఆఫీసులో పనిచేసినాయన, టీచరమ్మ తప్పకుండా ఉంటారు. ఆఫీసుల చుట్టూ తిరగడం, ఫైలు ఎక్కడ ఆగుతుందో పసిగట్టడం వాళ్లకు వచ్చినట్టు మనకు రాదు. పైగా పొద్దుపోక అడిగిందే అడిగే ఓపిక వాళ్లకే ఉంటుంది.

9. మనుషుల జాబితా

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఇక్కడ ఇద్దరే ఉన్న ఇళ్లు ఇప్పుడు ప్రతి కాలనీలోనూ ఉన్నాయి. ఒక్కొక్కరే ఉన్న ఇళ్లూ ఉన్నాయి. వాళ్లకు ఒక కాగితం నింపించి ఫ్రిజ్ మీద అంటించండి: వాడే మందులు, వెళ్లే ఆసుపత్రి, పిల్లల నంబరు, ఇన్సూరెన్స్ కార్డు ఎక్కడుందో. దాంతోపాటు ఇక్కడే ఉండి సంతకం పెట్టగలిగే బంధువో స్నేహితుడో ఒకరి పేరు. అర్ధరాత్రి ఆసుపత్రిలో అందరూ వెతికేది ఆ మనిషి కోసమే. తాళంచెవి ఒకటి నమ్మకమైన పొరుగింట్లో ఉండాలి.

రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒక ఫోను పలకరింపు పెట్టుకోండి. "లేచారా బాబాయ్‌గారూ, కాఫీ అయిందా?" అంతే. ఎత్తకపోతే వాచ్‌మన్ వెళ్లి చూస్తాడు. వంతులవారీగా ఏడుగురుంటే వారానికి సరిపోతుంది.

ఈ నంబర్లు ఆ కాగితం మీదే రాయండి. అంబులెన్సుకు 108. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567, వేధింపులకైనా పెన్షన్ సందేహాలకైనా చేయొచ్చు. డిజిటల్ అరెస్టు అనీ, కేవైసీ అనీ ఫోనులో భయపెట్టి డబ్బు లాగేసుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. ఇందులో ఆలస్యం చేసే ప్రతి గంటా డబ్బు మరింత దూరం పోతుంది కాబట్టి, "పిల్లలకు తెలిస్తే తిడతారు" అన్న భయం లేకుండా ముందే మాట్లాడి పెట్టండి.

డెబ్బై దాటినవాళ్లకు ఇంటికే వచ్చి నగదు, చెక్కుల సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లో బ్యాంకులకు చెప్పింది. మీ బ్రాంచిలో అడగండి. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌ను ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇవ్వొచ్చు. నవంబరులో ఒక ఆదివారం ఇద్దరు కాలేజీ పిల్లలను కూర్చోబెడితే కాలనీ అంతటిదీ అయిపోతుంది. ఆదాయంతో సంబంధం లేకుండా డెబ్బై దాటినవాళ్లకు ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. మీ దగ్గర్లో ఏ ఆసుపత్రుల్లో చెల్లుతుందో కనుక్కుని జాబితా పెట్టుకోండి.

ఇంట్లోనే నిరాదరణ ఉంటే అసోసియేషన్ పంచాయితీలు పెట్టొద్దు. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునల్ ఉంది. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకునే వీలు అందులో ఉంది. ఆ పెద్దమనిషిని ఒంటరిగా కలిసి, ఈ దారి ఉందని చెప్పి, కావాలంటే తోడు వెళ్లండి.

10. మళ్లీ నడవండి

ఆరు నెలలకోసారి అదే దారిలో, అదే పెద్దవాళ్లతో. ఒక నడక వానాకాలం అయిపోగానే ఉండాలి, గుంతలు తేలేది అప్పుడే. మంచినీళ్ల పైపుకనీ, కేబుల్‌కనీ మధ్యలో ఎవరో ఒకరు మీరు బాగుచేయించిన ఫుట్‌పాత్‌ను తవ్వే ఉంటారు. ఎవరు తవ్వారో, ఎప్పుడు పూడుస్తామన్నారో తారీఖుతో రాసుకోండి. పాత నోటు పుస్తకం వెంట తీసుకెళ్లి, పోయినసారి ఆగిన చోట్లలో ఈసారి ఎన్నిచోట్ల ఆగలేదో టిక్కు పెట్టండి. మాది పోయినసారి పదకొండుకు ఆరు. హాలును ఈమధ్యే కింది సెల్లార్ పక్క గదిలోకి మార్చాం. అక్కడికి వెళ్లడానికి ఒక మెట్టు ఉంది, దాని పక్కన ర్యాంపు ఇంకా పోయాలి.